ఆటోకాడ్ నేర్చుకోవాలంటే ముందు టేపు కొనుక్కో

"అన్నా, సివిల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నా. ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్చుకోవాలి. యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూశా, కమాండ్లన్నీ తెలుసు. తీరా ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే ఏం గీయాలో తోచడం లేదు. అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల కోర్సులో చేరనా? ఆటోకాడా, రెవిటా? ఎనిమిది జీబీ లాప్‌టాప్ సరిపోతుందా?" ఇదీ నీ ప్రశ్న.

చిన్నవాటికి ముందు జవాబు చెప్పేస్తా తమ్ముడూ.

లాప్‌టాప్ సరిపోతుంది. ప్లాన్లు, ఎలివేషన్లు (బయట నిలబడితే కనబడే ముఖం), సెక్షన్ల (ఇంటిని నిలువుగా కోస్తే కనబడే బొమ్మ) వరకూ 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. కానీ టచ్‌ప్యాడ్‌తో మాత్రం నేర్చుకోలేవు. చక్రం ఉన్న మౌస్ ఒకటి కొను, మామూలుదే. చక్రం తిప్పితే జూమ్, నొక్కి పట్టుకుంటే పాన్, రెండుసార్లు టకటకా నొక్కితే డ్రాయింగ్ మొత్తం కళ్లముందుకొస్తుంది. కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద. పైనున్న బొమ్మల మీద క్లిక్ చేసే అలవాటు పడితే తర్వాత మానడం కష్టం.

ఆటోకాడా, రెవిటా అంటే, రెండూ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్లే, కానీ ముందు ఆటోకాడ్. మన జిల్లా కేంద్రాల్లో ఇంజనీరు ఆఫీసుల నుంచి ప్రింటు షాపుల దాకా నడిచేది ఆటోకాడ్ సేవ్ చేసే డీడబ్ల్యూజీ ఫైలే. హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులు చేసే కంపెనీలకో, గల్ఫ్‌కో వెళ్దామనుకుంటే రెవిట్ తప్పదు, కాదనను. అయితే రెవిట్‌లో గోడ పెట్టగానే సెక్షన్ అదే వచ్చేస్తుంది. సెక్షన్ అంటే ఏంటో తెలియనివాడికి ఆ వచ్చింది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది? ఒక ఇంటికి చేత్తో సెక్షన్ గీశాక అటు వెళ్లు.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. విద్యార్థివి కాబట్టి కాలేజీ గుర్తింపు చూపిస్తే వీటిని తయారుచేసే ఆటోడెస్క్ వాళ్లు ఏడాది పాటు ఉచితంగా ఇస్తారు, చదువు నడిచినంత కాలం పొడిగించుకోవచ్చు. చదువైపోయాక చేతిలో డబ్బు లేకపోతే లిబ్రేకాడ్ ఉంది, పూర్తిగా ఉచితం. అది డీఎక్స్‌ఎఫ్ అనే ఇంకో రకం ఫైలుగా సేవ్ చేస్తుంది, డీడబ్ల్యూజీలో చెయ్యదు, ఆ ఒక్క ఇబ్బంది. పెన్ డ్రైవ్‌లో ఎవడో ఇచ్చిన క్రాక్ మాత్రం వద్దు. దాంతోపాటు ఏకాడ్ డాట్ ఎల్‌ఎస్‌పీ పేరుతో ఒక దొంగ ఫైలు కూడా వచ్చి ప్రతి ఫోల్డర్లోనూ కూర్చోవడం నేను కళ్లారా చూశాను. నువ్వు ఫైలు పంపిన ప్రతి ఆఫీసుకీ అది పాకుతుంది, పేరు పోయేది నీదే.

ఇక అసలు విషయానికొద్దాం. ఖాళీ స్క్రీన్ ముందు ఏం గీయాలో తోచడం లేదన్నావు. అది ఆటోకాడ్ రాక కాదు. నీ మనసులో ఇల్లు లేదు, అంతే. నేను 1998లో ఈ పనిలో చేరినప్పుడు డ్రాయింగ్ బోర్డూ, ట్రేసింగ్ పేపరూ ఉండేవి. గీత తప్పితే ఇంకు ఆరాక బ్లేడుతో గోకాలి. రెండుసార్లు గోకితే కాగితం చిరిగేది. అందుకని పెన్ను పెట్టేముందే ఏం గీయబోతున్నామో పక్కాగా అనుకునేవాళ్లం. కంప్యూటర్ వచ్చి ఆ భయం పోగొట్టింది, దాంతోపాటే ఆలోచించే అలవాటునీ పోగొట్టింది.

కాబట్టి అయిదు మీటర్ల టేపు ఒకటి కొనుక్కుని మీ ఇల్లు కొలువు. నెట్‌లో దొరికే విల్లా ప్లాన్ వద్దు, నువ్వు పుట్టి పెరిగిన ఇల్లే. తెల్లకాగితం మీద చేత్తో వంకరటింకరగా బొమ్మ వేసుకుని కొలతలు రాసుకో. గది పొడవు, వెడల్పు, ఎదురెదురు మూలలు కలిపే ఐమూల కొలత కూడా. ఐమూల రెండూ సమానంగా రాలేదంటే గది మూలమట్టానికి లేదన్నమాట. మన ఊళ్లలో చాలా గదులు అలాగే ఉంటాయి, కంగారుపడకు. గడప నుంచి మూలకు ఎంత, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, లింటెల్ (తలుపు, కిటికీల పైన వేసే దిమ్మె) ఎంత ఎత్తులో ఉంది, సజ్జ ఎంత బయటికొచ్చింది, పిట్టగోడ ఎత్తెంత, అన్నీ.

తర్వాత లోపలి కొలతలన్నీ కూడి బయటి కొలతతో సరిపోల్చు. సరిపోవు. అక్కడే మొదలవుతుంది చదువు. తొమ్మిదంగుళాల గోడ అని పుస్తకంలో చదివావు, తలుపు దగ్గర టేపు పెడితే పదింబావు వస్తుంది. లోపల అరంగుళం, బయట ముప్పావంగుళం ప్లాస్టరింగు ఉంది మరి. ప్లాన్‌లో 12 అడుగులని గీసిన గది కట్టాక 11 అడుగుల 11 అంగుళాలే ఉంటుంది. ఆ అంగుళం మంచానికి అడ్డం రాదు. వార్డ్‌రోబ్ చేసే వడ్రంగికి మాత్రం అడ్డమొస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకు రా. యూనిట్స్‌లో ఆర్కిటెక్చరల్ పెట్టుకో. అందులో 12 అని కొట్టి ఎంటర్ నొక్కితే 12 అంగుళాలే వస్తుంది, అడుగుల గుర్తు పెడితేనే అడుగులు. మొదటిరోజు అందరి ఇళ్లూ అగ్గిపెట్టెల్లా రావడానికి కారణం ఇదే. 12 అడుగుల 6 అంగుళాలకు 12'6 అని కొట్టాలి.

ఇక్కడొకటి జాగ్రత్తగా విను. మన దగ్గర చాలామంది డెసిమల్ యూనిట్లలో గీస్తారు. అటు మేస్త్రీలేమో 12.6 అని రాసుంటే పన్నెండడుగుల ఆరంగుళాలు అని చదువుతారు. కంప్యూటర్‌కి 12.6 అడుగులంటే పన్నెండడుగుల ఏడంగుళాల చిల్లర. 12.10 అయితే మరీ ఘోరం. మేస్త్రీకి అది పన్నెండడుగుల పదంగుళాలు, కంప్యూటర్‌కి పన్నెండడుగుల అంగుళం చిల్లర. దాదాపు తొమ్మిదంగుళాల తేడా, అంటే ఒక గోడ మందం. అందుకే షీటు మీద అడుగులు, అంగుళాలు గుర్తులతో విడివిడిగా కనబడాలి. మున్సిపాలిటీకి ఇచ్చే కాపీలో ఎలాగూ మీటర్లే ఉంటాయి. సైటుకిచ్చేదీ, మున్సిపాలిటీకిచ్చేదీ రెండు వేర్వేరు షీట్లు అనుకో, గొడవ వదిలిపోతుంది.

గోడలు గీయడానికి ఏవేవో కమాండ్లున్నాయి. నాకు మాత్రం పాలీలైన్‌తో (ముక్కలన్నీ కలిసుండే ఒకే గీత) బయటి హద్దు గీసి, ఆఫ్‌సెట్‌తో అదే గీతను తొమ్మిదంగుళాలు లోపలికి వేసి, తర్వాత అక్కర్లేనివి ట్రిమ్ చేసుకోవడమే ఇప్పటికీ హాయి. మూలలు కలపడానికి ఫిల్లెట్, రేడియస్ సున్నా. లైన్, పాలీలైన్, ఆఫ్‌సెట్, ట్రిమ్, ఫిల్లెట్, కాపీ, మూవ్, మిర్రర్, స్ట్రెచ్, బ్లాక్, డైమెన్షన్, హ్యాచ్. ఈ డజనుతోనే నేను పాతికేళ్లు అన్నం తిన్నా.

ఇల్లు గీయడం అయ్యాక రెండో పని. ఖాళీ ప్లాటులో ఇల్లు ఇరికించడం. 30 అడుగులు, 45 అడుగులు. అంటే 1350 చదరపు అడుగులు, 150 గజాలు. మన దగ్గర ఇలాంటి ప్లాట్లు చాలానే కనబడతాయి. పక్కలకు మీటరు చొప్పున వదలాలనుకుందాం (మీ ఊరి నియమం చూసుకో, ప్లాటు సైజునీ ఎత్తునీ బట్టి మారుతుంది). మీటరంటే 3 అడుగుల 3⅜ అంగుళాలు. తక్కువైతే తిప్పి పంపుతారు కాబట్టి 3'-4" పెడతాం. రెండు పక్కలా కలిపి 6'-8" పోతే మిగిలింది 23'-4". కొత్తవాడు ఇక్కడ సగం చేసి రెండు గదులూ 11'-8" అని యజమానికి చెప్పేస్తాడు. గోడలేవీ? బయటి గోడలు రెండూ తొమ్మిదేసి అంగుళాలు, మధ్య గోడ నాలుగున్నర, కలిపి 1'-10½". గదులకు దక్కేది 21'-5½". ఒకటి 11 అడుగులు చేస్తే రెండోది 10'-5½". "మొన్న పదకొండు ముప్పాతిక దాకా వస్తుందన్నావు కదయ్యా" అని యజమాని అడిగితే ఏం చెప్తావు? ఆటోకాడ్ తెరవకముందే ఈ లెక్క కాగితం మీద వేసుకో.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, నువ్వు చెయ్యకుండా ఉంటావని. చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక చిన్న ఆఫీసులో పని. రాత్రి తొమ్మిదింటికి ఒక ఇంటి యజమాని ఫోన్ చేసి బెడ్‌రూమ్ 10'-6" కాదు, 11 అడుగులు కావాలన్నాడు. పొద్దున్నే ముగ్గు, అంటే పునాది గుర్తులు సుద్దపొడితో నేల మీద పోయడం. గోడ జరిపితే తలుపు జరపాలి, కిటికీ జరపాలి, పక్క గది మారుతుంది. బద్ధకమేసి డైమెన్షన్ (కొలత చూపే అంకె) మీద డబుల్ క్లిక్ చేసి అంకె తీసేసి 11'-0" అని టైపు చేశా. షీటు మీద పదకొండు, గీత మాత్రం పదిన్నర దగ్గరే. మొత్తం కొలత అలాగే ఉంది.

పొద్దున ఆరున్నరకు మేస్త్రీ ఫోను. "సారూ, గదులన్నీ కలిపితే ఆరంగుళాలు ఎక్కువొస్తంది, ఏడ తియ్యమంటరు?" నేను బస్సులో ఉన్నాను, సరిగ్గా వినబడలేదు, వచ్చి చూస్తా అన్నా. నేను వెళ్లేసరికి ఆయన పాపం తన తెలివితో బాత్రూమ్‌లోంచి ఆరంగుళాలు తీసేసి సుద్దపొడి పోయించేశాడు, జేసీబీ వచ్చి గుంతలు తవ్వడం మొదలైపోయింది. నాలుగడుగుల బాత్రూమ్ మూడున్నర అయింది. కట్టాక చూస్తే తలుపు తీస్తే కమోడ్‌కి తగులుతోంది. చివరికి తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించారు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటా.

అందుకని డైమెన్షన్ అంకెను చేత్తో మార్చొద్దు, ఎప్పుడూ. ఎవరి దగ్గరి నుంచైనా ఫైలు వస్తే డైమెన్షన్ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ దగ్గర ఏమైనా ఉందేమో చూడు. ఉంటే చెరిపెయ్యి, అసలు కొలత బయటపడుతుంది.

ఆ రాత్రి నాకు స్ట్రెచ్ వచ్చుంటే అయిదు నిమిషాల పని. ఏ కోర్సులోనూ దీని మీద సరిపడా సమయం పెట్టరు. మౌస్‌ని ఎడమ నుంచి కుడికి లాగితే నీలం డబ్బా వస్తుంది, దాని లోపల పూర్తిగా పడినవే సెలెక్ట్ అవుతాయి. కుడి నుంచి ఎడమకు లాగితే ఆకుపచ్చ డబ్బా, తగిలినవన్నీ సెలెక్ట్ అవుతాయి. స్ట్రెచ్‌కి ఆకుపచ్చదే కావాలి. జరగాల్సిన గోడ, దాంట్లో తలుపు, దాని చివరి డైమెన్షన్ పాయింట్లు ఆ డబ్బాలోకి వచ్చేలా లాగు. ఎఫ్8 నొక్కి ఆర్థో పెట్టుకో, అడ్డంగానో నిలువుగానో తప్ప కదలదు. ఎంటర్ నొక్కి ఒకచోట క్లిక్ చేసి, ఎటు జరగాలో అటు మౌస్ చూపించి 6 కొట్టి ఎంటర్. గోడ, తలుపు, అంకె మూడూ కలిసి ఆరంగుళాలు జరుగుతాయి. ఈ పక్క గది పెరుగుతుంది, ఆ పక్క గది తగ్గుతుంది, తగ్గిందని డైమెన్షనే చెప్తుంది. దాచుకోవడానికి వీల్లేదు.

దీని అవసరం ఎంతో ఒక్క ఇల్లు చేస్తే తెలుస్తుంది. యజమాని సరేనన్నాక ప్లాన్ సిద్ధాంతి గారి దగ్గరకు వెళ్తుంది. ఆయన ఆయం (ఇంటి కొలతలకు వేసే వాస్తు లెక్క) కట్టి పొడవు మూడంగుళాలు పెంచమంటారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉంది కానీ పొయ్యి తూర్పు ముఖంగా లేదంటారు. యజమాని బావమరిది వచ్చి మెట్లు నైరుతికి మార్చమంటాడు. నమ్మకాల సంగతి మనకెందుకు, ఇల్లు వాళ్లది. షీటు మీద ఉత్తరం గుర్తు పెట్టడం మాత్రం మర్చిపోకు. అది లేని ప్లాన్‌ని మన వాళ్లు చేతిలోకి కూడా తీసుకోరు.

మెట్ల దగ్గర అందరూ బోల్తా పడతారు. గీతలు వరసగా గీసి పైకి అన్నట్టు 'అప్' అని బాణం పెట్టేస్తే మెట్లయిపోవు. అంతస్తు నుంచి అంతస్తుకు 10'-6" అనుకో, అంటే 126 అంగుళాలు. ఏడంగుళాల మెట్టయితే సరిగ్గా 18. మధ్యలో మలుపుతో ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. తొమ్మిది ఎత్తులకు అడుగు పెట్టే పలకలు ఎనిమిదే, తొమ్మిదోది ల్యాండింగే కదా. పదంగుళాల చొప్పున 6'-8", ల్యాండింగు 3 అడుగులు, మొత్తం 9'-8" పొడవు కావాలి. వీడియోలో చూసి ఎనిమిదడుగుల డబ్బాలో మెట్లు గీసిన కుర్రాళ్లను చాలామందిని చూశా. సైటులో మేస్త్రీ వాటిని పట్టించడానికి మెట్టు ఎత్తు ఎనిమిదంగుళాలు దాటిస్తాడు, ఆ ఇంటి ముసలావిడ జన్మలో మేడెక్కదు. అన్నట్టు 18 సరిసంఖ్య, మెట్లు బేసిలో ఉండాలంటారు. 19 చేస్తే ఎత్తు 6⅝ అంగుళాలు, ఎక్కడానికి హాయే. కానీ ఒక వరసలో పది ఎత్తులు, తొమ్మిది పలకలు, గది ఇంకో పదంగుళాలు పెరగాలి. ఆ పదంగుళాలు ఎక్కడి నుంచి తేవాలో ఆలోచించడమే ప్లానింగు.

లేయర్ల గురించి ఎక్కువ చెప్పను. గోడలకొకటి, తలుపులు కిటికీలకొకటి, డైమెన్షన్లకొకటి, అక్షరాలకొకటి, ఫర్నిచర్‌కొకటి. ట్రేసింగ్ పేపర్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచినట్టు అనుకో. కాకపోతే పాలీలైన్ సంగతి మాత్రం వినాలి. ఇప్పుడు అనుమతుల కోసం డ్రాయింగు ఆన్‌లైన్‌లో పెడితే ముందు చదివేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. ప్లాటు హద్దు ఏ లేయర్లో ఉండాలో, గది ఏ లేయర్లో ఉండాలో పేర్లు వాళ్లే ఇస్తారు. ప్రతిదీ క్లోజ్ చేసిన పాలీలైన్ అయ్యుండాలి. కంటికి మూల కలిసినట్టే ఉంటుంది, జూమ్ చేస్తే వెంట్రుకంత ఖాళీ. సాఫ్ట్‌వేర్‌కి అది ప్లాటే కాదు, విస్తీర్ణం లెక్కకు రాదు, ఫైలు వెనక్కి. గీసేటప్పుడు చివరి బిందువు దగ్గర క్లిక్ చెయ్యకు, సీ కొట్టి ఎంటర్ నొక్కు, అదే మూసుకుంటుంది. గీతల చివరలను పట్టుకునే ఓస్నాప్ (ఎఫ్3) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచు.

తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ అనే ఇళ్ల అనుమతుల చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తున్నారు. చాలామంది పని సులువైంది అనుకుంటారు. నిజానికి తప్పు పట్టుకునే కన్ను ఒకటి తగ్గింది. తేడా వస్తే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. సంతకం ఎవరిదైనా, ఇల్లు యజమానిది, కానీ గీత నీది.

ప్రింటు దగ్గర ఒక చిక్కుంది, నాకు దీన్ని ఎవరూ చెప్పలేదు, రెండు రోజులు తల బాదుకున్నా. డ్రాయింగు అంగుళాల్లో గీశావు, లేఅవుట్‌లో (ప్రింటు షీటు సర్దుకునే చోట) కాగితం మిల్లీమీటర్లలో ఉంది. వ్యూపోర్టుకి, అంటే ఆ కాగితం మీద డ్రాయింగు కనబడే కిటికీకి, 1:100 పెడితే ఇల్లు చీమంత వస్తుంది. ఎందుకంటే అది ఒక అంగుళాన్ని ఒక మిల్లీమీటర్ అనుకుంటోంది. వ్యూపోర్టు లోపలికెళ్లి జూమ్ కొట్టి 0.254 పక్కనే ఎక్స్‌పీ అని ఇవ్వు. 25.4ను వందతో భాగిస్తే వచ్చిందే అది. ప్రింటు తీశాక స్కేలు పెట్టి కొలువు, పదడుగుల గోడ ముప్పై మిల్లీమీటర్లకు అర మిల్లీమీటరు ఎక్కువ రావాలి. అక్షరాలు కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సైటులో ఎండలో, సిమెంటు చేతులతో, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన మనిషి చదవాలి దాన్ని.

ఫైలు బయటికి పంపేటప్పుడు పాత వెర్షన్‌లో, అంటే 2010 రకంలో సేవ్ చేసి పంపు, పీడీఎఫ్ కూడా జతచెయ్యి. ప్రింటు షాపు కుర్రాడి దగ్గర ఏ వెర్షన్ ఉందో మనకు తెలియదు. ఫైలు పేరులో ఫైనల్, ఫైనల్ టూ, లేటెస్ట్ ఫైనల్ అని పెట్టకు, తేదీ పెట్టు.

కోర్సు సంగతి. ఒంటరిగా రోజుకు రెండు గంటలు కూర్చోగలిగితే అక్కర్లేదు. కూర్చోలేవు, పక్కన నలుగురు ఉంటేనే చేతులాడతాయి అంటే చేరు, తప్పులేదు. చేరేముందు ఒక్కటే అడుగు: కోర్సు అయ్యేలోపు ఒక ఇంటికి ప్లాన్, సెక్షన్, ఎలివేషన్, తలుపులు కిటికీల పట్టిక, ఫౌండేషన్ మార్కింగు, ఇవన్నీ మేం సొంతంగా గీస్తామా అని. కమాండ్లే చెప్తారంటే ఆ డబ్బుతో మంచి మానిటర్ కొనుక్కో. అంతకంటే మేలు, సెలవుల్లో మీ టౌన్‌లో ఏదైనా ఇంజనీరు ఆఫీసుకెళ్లి జీతం అడక్కుండా రెండు నెలలు కూర్చో. ముగ్గు పోసే రోజు సైటుకు తీసుకెళ్లమను.

ఇక ఈ వారం పని. మీ ఇల్లు కొలిచి, గీసి, ఏ3 కాగితం మీద 1:100లో ప్రింటు తీసి, మీ వీధిలో ఎవరైనా తాపీ మేస్త్రీ ఉంటే చేతికియ్యి. ఏమీ చెప్పకు, పక్కన నిలబడు. "దీన్ని చూసి ముగ్గు పొయ్యమంటే ఏమేం అడుగుతావు బాబాయ్" అని మాత్రం అడుగు. ఆయన అడిగినవన్నీ రాసుకొచ్చి ఇక్కడ పెట్టు, అక్కణ్నుంచి చూద్దాం.